ఎడారి నగరమునకు కావలి

సిరియా దేశపు రాజధానియైన డమాస్కస్ నుండి ఈశాన్యముగా సుమారు 215 కిలోమీటర్లు పోయినచో ఎడారి నడుమ పచ్చని ఖర్జూర వనమొకటి కానవచ్చును. చుట్టును ఇసుకయు రాళ్ళును తప్ప మఱేమియు లేని ఆ ప్రదేశమున పూర్వము ఎఫ్కా అను నీటి ఊట యుండెడిది. ఊట యుండుటచేత వనము పెరిగెను. వనము పెరుగుటచేత మనుష్యులు నిలిచిరి. అట్లు వెలసిన ఊరిని అరబ్బులు తద్మూరు అని పిలిచిరి. గ్రీకులును రోమనులును దానికి పాల్మైరా అని పేరు పెట్టిరి.

క్రీస్తు శకము మొదటి మూడు శతాబ్దములలో తద్మూరు మహానగరము. తూర్పున పారశీక దేశము, పడమట రోము సామ్రాజ్యము. ఆ రెంటి నడుమ వర్తకపు దారి ఆ ఎడారి మీదుగ పోయెడిది. చీనా దేశపు పట్టును, భారతదేశపు సరకులను మోసికొని ఒంటెల బిడారులు అచ్చట విడిది చేసెడివి. ఏ సరకున కెంత సుంకము చెల్లింపవలెనో తెలుపు శాసనమును 137వ సంవత్సరమున రాతిపై చెక్కించి నగరములో నిలిపిరి. 157వ సంవత్సరము నాటి మఱియొక శాసనము స్కిథియా నుండి ఓడలో తిరిగి వచ్చిన తద్మూరు వర్తకులను పేర్కొనుచున్నది. ఆ స్కిథియా మన సింధునదీ ప్రాంతమే యని చరిత్రకారులు చెప్పుదురు.

ఆ సంపదతో నగరవాసులు 1100 మీటర్ల పొడవున స్తంభముల బారులు తీరిన రాజవీథిని కట్టిరి. బేల్ అను దేవునికి గొప్ప ఆలయమును నిర్మించి 32వ సంవత్సరమున ప్రతిష్ఠ చేసిరి. చనిపోయినవారి కొఱకు గోపురములవంటి ఎత్తయిన సమాధులను లేపిరి. వానిలో ఒక్కొక్కరి ముఖమును సున్నపురాతిపై మలచి, ప్రక్కన వారి పేరును తండ్రి పేరును చెక్కి, తుదకు "అయ్యో" అను అర్థమిచ్చు నొక్క మాట చేర్చుట వారి ఆచారము. పెద్ద పెద్ద కన్నులతో ఎదుటివారిని సూటిగా చూచుచుండు ఆ ప్రతిమలు రెండువేల ఏండ్ల నాటి తల్లులను, తండ్రులను, బిడ్డలను నేటికిని చూపుచున్నవి.

మూడవ శతాబ్దమున జెనోబియా అను రాణి అచ్చట ప్రభుత్వము చేసెను. భర్త మరణించిన పిమ్మట కుమారుని పేర రాజ్యమును చేపట్టి, ఈజిప్టు దేశమును జయించి, రోము చక్రవర్తినే ఎదిరించెను. 272వ సంవత్సరమున ఆరేలియన్ చక్రవర్తి ఆమెను ఓడించి చెఱపట్టెను. మఱుసటి యేడు నగరవాసులు తిరుగబడగా రోము సైన్యము నగరమును కొల్లగొట్టెను. నాటినుండి తద్మూరు వైభవము క్షీణించెను.

ఐనను ఆ కట్టడములు నిలిచియే యుండెను. బేల్ ఆలయము కొంతకాలము క్రైస్తవుల ప్రార్థనా మందిరమయ్యెను. పండ్రెండవ శతాబ్దము నుండి అది మసీదుగా నుండెను. దాదాపు ఎనిమిది వందల ఏండ్లు ముస్లిములు ఆ స్తంభముల నడుమ నమాజు చేసిరి. ఎవరును దానిని పడగొట్టవలెనని తలంపలేదు. ఆలయ ప్రాకారము లోపలనే ఇండ్లు కట్టుకొని ఊరివారు కాపురములు చేసిరి. 1930 ప్రాంతమున త్రవ్వకముల కొఱకు ప్రభుత్వము వారిని అచ్చటి నుండి కదలించి, ప్రక్కనే క్రొత్త ఊరు కట్టించి యిచ్చెను.

సరిగా ఆ దినములలో, 1932 ప్రాంతమున, ఖాలిద్ అల్ అసాద్ ఆ ఊర జన్మించెను. ఇతర దేశముల పండితులు ఎంతో దూరమునుండి వచ్చి చూచు శిథిలములు ఆ బాలునకు ఇంటిముంగిట ఆటస్థలములు. పెద్దవాడై డమాస్కస్ విశ్వవిద్యాలయమున చరిత్ర చదివెను. చదువు ముగిసిన పిదప పురావస్తు శాఖలో చేరి, 1963లో తద్మూరు పురావస్తువులకును మ్యూజియమునకును అధికారిగ నియమింపబడెను. అప్పటికా మ్యూజియము వెలసి రెండేండ్లే అయ్యెను. ఆ పదవిలో ఆయన నలుబది సంవత్సరములు పని చేసెను.

పురావస్తు శాస్త్రజ్ఞుని పని నిధులు వెదకుట యని పలువురు తలంతురు. ఆ పని నిజమునకు ఓర్పుతో కూడినది. మన్నును పొరలు పొరలుగా తీయవలెను. ఏ పొరలో ఏది దొరకెనో వ్రాసికొనవలెను. పగిలిన పెంకును సైతము పాఱవేయక భద్రపఱుపవలెను. దొరకిన వస్తువు కంటె అది దొరకిన చోటు ఎక్కువ కథ చెప్పును. అంగడిలో అమ్ముటకై దొంగలు పెకలించుకొని పోయిన ప్రతిమకు వెల యుండును గాని కథ యుండదు. ఖాలిద్ ఈ పనిని ప్రేమతో చేసెను. పోలెండు దేశస్థులు, ఫ్రెంచివారు, జర్మనులు, జపానువారు త్రవ్వకములకు వచ్చినప్పుడెల్ల వారితో కలిసి పనిచేసెను. రాతిపై నున్న తద్మూరు లిపిని చదువ నేర్చెను. అరామిక భాషను వ్రాయుటకు ఆ నగరవాసులు వాడిన లిపి యది. కుడినుండి యెడమకు సాగును. శాసనములను చదివి, వాని భావమును వెల్లడించి, గ్రంథములు రచించెను.

1980లో యునెస్కో సంస్థ తద్మూరును ప్రపంచ వారసత్వ సంపదగ గుర్తించెను. 2001లో పారశీక రాజుల ముఖములు ముద్రించిన 700 వెండి నాణెములు దొరకినట్లు ఖాలిద్ ప్రకటించెను. 2003లో రెక్కల గుఱ్ఱమునెక్కి వింత మృగముతో పోరాడు వీరుని చిత్రము గల రంగురాళ్ళ నేల బయల్పడెను. ఆ యేటనే ఆయన ఉద్యోగము విరమించెను. కాని ఊరు విడువలేదు, పని మానలేదు. ఆయన తర్వాత ఆ పదవికి కుమారుడే వచ్చెను. అల్లుడును మ్యూజియములోనే పని చేయుచుండెను. తన కుమార్తెలలో ఒకామెకు ఆయన పెట్టిన పేరు జెనోబియా. ఆ నగరమును గూర్చి సందేహము కలిగినవారెల్ల ఆ వృద్ధుని కడకే పోవుచుండిరి.

2011లో సిరియాలో అంతర్యుద్ధము చెలరేగెను. దేశము ముక్కలై, ఊరూర తుపాకులు మ్రోగెను. 2014లో ఇస్లామిక్ స్టేట్ అను సాయుధ ముఠా ఇరాక్, సిరియా దేశములలో విశాలమైన భాగములను ఆక్రమించెను. ప్రాచీన విగ్రహములన్నియు పాపపు గుర్తులని వారు ప్రచారము చేసిరి. 2015 ఫిబ్రవరిలో ఇరాక్‌లోని మోసుల్ నగర మ్యూజియములో ప్రాచీన శిల్పములను సమ్మెటలతో పగులగొట్టుచు, ఆ దృశ్యములను చిత్రించి లోకమంతటికిని చూపిరి. కాని వారు పగులగొట్టినవి మోయరానివి. మోయదగిన వానిని చాటుగ అమ్ముకొనుచుండిరి. పురావస్తువుల దొంగ వ్యాపారము వారి రాబడులలో నొకటి. ఒక చేత సమ్మెట, ఒక చేత త్రాసు పట్టుకొని వచ్చుచున్న ఆ ముఠా 2015 మే నెలలో తద్మూరు వైపు తిరిగెను.

మ్యూజియములోని వారికి ఇక దినములే మిగిలెను. పిమ్మట గంటలే మిగిలెను. ప్రతిమలను గోడలనుండి దింపవలెను. దెబ్బ తగులకుండ పెట్టెలలో సర్దవలెను. లారీల కెక్కించి ఎడారి బాట వెంట డమాస్కస్ చేర్పవలెను. సమాధి ప్రతిమ చూచుటకు చిన్నదైనను రాతి బరువు రాతి బరువే. తొందరపడి యెత్తినచో రెండువేల ఏండ్లు నిలిచిన ముక్కు, వ్రేలు, చెవిపోగు క్షణములో ఊడిపోవును. నిదానించినచో శత్రువు వచ్చి మీదపడును. ఎనుబది యేండ్లు దాటిన ఖాలిద్, ఆయన కుమారులు, అల్లుడు, తక్కిన ఉద్యోగులు ఆ పనిలో మునిగిరి. దేనిని ముందు పంపవలెను, దేనిని విడువవలెను అను ప్రశ్నకు జీవితమంతయు వాని నడుమ గడిపిన వృద్ధుని తీర్పు విలువైనదై యుండెను.

అన్నిటిని కదలించుట సాధ్యము కాలేదు. మ్యూజియము ముంగిట అల్లాత్ దేవత ఆలయపు సింహ మొకటి యుండెను. ఎత్తు మూడున్నర మీటర్లు. బరువు 15 టన్నులు. 1977లో పోలెండు శాస్త్రజ్ఞులు దానిని ముక్కలుగ కనుగొనిరి. దాని ముందరి కాళ్ళ నడుమ ఒక లేడి నిర్భయముగ పరుండి యున్నది. ఈ పవిత్ర స్థలమున రక్తము చిందింపనివానిని దేవత దీవించునని ఆ సింహపు పంజాపై చెక్కిరి. తరలించుటకు వీలుపడని ఆ సింహము చుట్టును ఇనుప రేకులు బిగించి, ఇసుక బస్తాలు పేర్చి, విడువక తప్పలేదు.

మే 20వ తేదీన పోరాటము ఊరిలోనికి వచ్చెను. చివరి లారీలకు పెట్టెల నెక్కించుచుండగనే గుండ్లు దూసికొని పోయెను. ఉద్యోగులు కొందఱు గాయపడిరి. ఐనను వారు బండ్లను విడిచి పాఱిపోలేదు. వందలకొలది ప్రతిమలతోను వస్తువులతోను లారీలు తద్మూరును దాటెను. వెంటనే ముఠావారు నగరమును ఆక్రమించిరి. మ్యూజియములో ప్రవేశించిన వారికి ప్రతిమలు తీసిన ఖాళీ గోడలును, తరలింపలేక విడిచిన రాళ్ళును ఎదురయ్యెను. ఆ పందెములో వృద్ధుడును ఆయనవారును గెలిచిరి.

లారీలతో పాటు ఖాలిద్ కూడ పోవచ్చును. బంధువులు, మిత్రులు ఊరు విడువుమని బ్రతిమాలిరి. ఆయన అంగీకరింపలేదు. తాను తద్మూరులో పుట్టితిననియు, తన ప్రాణము తీసినను తద్మూరులోనే యుందుననియు చెప్పెను. పదవి లేని వృద్ధుని ఎవరేమి చేయుదురను ఆశ ఆయనకు కొంత యుండెనేమో! ఏమైనను, ప్రతిమలను పంపించివైచి ఆయన స్తంభముల చెంత మిగిలెను. స్తంభములను ఏ లారీలో నెక్కింపగలరు?

ముఠావారు ఆయనను పట్టుకొని సుమారు నెల దినములు చెఱలో నుంచిరి. తద్మూరులో బంగారము పాతిపెట్టబడి యున్నదని ఒక వదంతి యుండెను. ఆ బంగారమెక్కడ? మ్యూజియమునుండి తరలించిన వస్తువులెక్కడ? అని వారు ఆయనను అడిగిరి, బాధించిరి. నలుబది యేండ్లు ఆ నేలను పొరలు పొరలుగ ఎఱిగిన ఆయనకు, అందు దాగిన ధనము శాసనములును ప్రతిమలునే యని తెలియును. వానిని గూర్చి ఒక్క మాటయైనను ఆయన నోట వెలువడలేదు.

2015 ఆగస్టు 18వ తేదీన ఆ దుర్మార్గులు తద్మూరు నడివీథిలో జనుల యెదుట ఆయన తల నఱికి చంపిరి. చేసిన నేరములని ఒక పలకపై వ్రాసి ఆ దేహమునకు తగిలించిరి. విదేశములలో పండిత సభలకు పోవుట ఒక నేరము. తద్మూరు విగ్రహములకు అధికారిగ నుండుట మఱియొక నేరము! తన మతమున విశ్వాసము గల ముస్లిమైన వృద్ధుని, మతము పేరు చెప్పుకొనువారే ఆ విధముగ హతమార్చిరి.

ఆయన మరణించిన కొలది దినములకే బాల్ షమీన్ ఆలయమును ప్రేలుడు పదార్థములతో కూల్చిరి. ఆగస్టు నెలాఖరున బేల్ ఆలయమును పడగొట్టిరి. దానిలో మహాద్వారము మాత్రము ఒంటరిగ నిలిచెను. గోపుర సమాధులు కూలెను. అక్టోబరులో రాజవీథి తోరణము నేలపాలయ్యెను. అల్లాత్ సింహమును అంతకు ముందే ముక్కలు చేసిరి. కదలింపరాని వానిని వృద్ధుడు కాపాడలేకపోయెను. ఇది దాచదగిన విషయము కాదు. ఒక మనుష్యుని ధైర్యము ప్రేలుడు పదార్థములను ఆపజాలదు.

ఐనను ఆయన శ్రమ వృథాయని చెప్పరాదు. డమాస్కస్ చేరిన ప్రతిమలు భద్రముగ నుండెను. ఆ యుద్ధకాలమున సిరియాలోని పలు మ్యూజియముల నుండి ఈ విధముగనే సుమారు 3 లక్షల వస్తువులను రక్షిత స్థలములకు చేర్చినట్లు ఆ దేశపు పురావస్తు శాఖ తెలిపెను. ఖాలిద్ మరణవార్త విని లోకము దుఃఖించెను. ఇటలీ దేశమున మ్యూజియములపై జెండాలను అవనతము చేసిరి. ఏటేట ఉత్తమమైన పురావస్తు పరిశోధనకు ఆయన పేర ఒక బహుమానమును ఆ దేశస్థులు నెలకొల్పిరి.

2016 మార్చిలో ముఠావారు తద్మూరు నుండి తఱుమబడిరి. డిసెంబరులో మరల వచ్చిరి. 2017 మార్చిలో తుదకు వెళ్ళగొట్టబడిరి. మ్యూజియములో మిగిలిపోయి సమ్మెట దెబ్బలు తిన్న రెండు ప్రతిమలను రోము నగరమునకు కొనిపోయి బాగుచేసిరి. ఒక ప్రతిమకు పోయిన ముఖభాగమును యంత్రముతో అచ్చుపోసి, అయస్కాంతములతో అతికించిరి. ఎప్పుడైన అసలు ముక్కలు దొరకినచో, అతికించిన దానిని తీసివేసి వానిని అమర్చుటకు వీలుగ అట్లు చేసిరి. 2017లో ఆ ప్రతిమలు తిరిగి సిరియా చేరెను.

అల్లాత్ సింహపు ముక్కలను సైతము ఏరి డమాస్కస్ తెచ్చిరి. అంతకు పూర్వము దానిని బాగుచేసిన పోలెండు శిల్పియే మరల వచ్చి, ముక్కకు ముక్క చేర్చి, 2017లో దానిని జాతీయ మ్యూజియము ముంగిట నిలిపెను. అతుకుల గీతలు దాని దేహముపై కానవచ్చుచునే యున్నవి. లేడి దాని కాళ్ళ నడుమ మునుపటివలెనే పరుండి యున్నది.

ప్రాచీన వస్తువులలో ఏదో మహత్తరమైన శక్తి యున్నదని, దానిని చేజిక్కించుకొన్నవాడు లోకమును జయించునని కథలలో చదువుదుము. తద్మూరు ప్రతిమలలో అట్టి మంత్రశక్తి ఏదియు లేదు. వానియందున్నది ఒక పేరు, ఒక తండ్రి పేరు, "అయ్యో" అను ఒక మాట. తమవారిని మఱువరాదని రెండువేల ఏండ్ల క్రిందట ఎవరో కోరుకొనిరి. ఆ కోరికను మన్నించుట తన పనియని ఖాలిద్ అల్ అసాద్ తలంచెను. ఎఱుగని పూర్వుల పేర్లను నోటితో చదువుచు నలుబది యేండ్లు గడిపిన ఆ మహనీయుడు, ఆ పేర్లు చెఱగిపోకుండుటకై తన నోరు మూసికొని ప్రాణము విడిచెను. ఆయన పంపిన లారీలలోని ముఖములు విప్పారిన కన్నులతో నేటికిని లోకమును చూచుచున్నవి.